ఇన్‌స్పెక్టర్ రీబస్ వంశం

‘గాడ్‌ఫాదర్’ సినిమా 1972లో బ్రిటన్‌కు వచ్చేసరికి క్రైమ్ రచయిత ఇయాన్ ర్యాంకిన్‌కు పన్నెండేళ్లు. సెన్సారువాళ్లు దానికి ‘ఎక్స్’ ముద్ర వేశారు. పద్దెనిమిది నిండనివాళ్లను హాలు గేటు దగ్గరే వెనక్కి పంపేసేవారన్నమాట. అదే ఏడాది మొదట్లో అక్కడ విడుదలైన ‘ఎ క్లాక్‌వర్క్ ఆరెంజ్’దీ అదే ముద్ర. ఆ సినిమాకైతే తర్వాత పెద్దవాళ్లు కూడా నోచుకోలేదు. దర్శకుడు స్టాన్లీ కుబ్రిక్ కోరిక మీద 1973లో దాన్ని బ్రిటన్ హాళ్ల నుంచి తీసేశారు. ఆయన పోయాక, 2000లో గానీ మళ్లీ తెర మీదికి రాలేదు.

పుస్తకాలకు మాత్రం సెన్సారు ముద్రలు లేవు. స్కాట్లాండ్‌లో ఫైఫ్ అనే ప్రాంతం, అందులో కార్డెన్‌డెన్ అనే బొగ్గుగనుల ఊరు. అక్కడ పెరుగుతున్న ర్యాంకిన్ ఈ కిటుకు తొందరగానే కనిపెట్టాడు. మారియో పూజో రాసిన ‘గాడ్‌ఫాదర్’నో, ఆంథొనీ బర్జెస్ రాసిన ‘ఎ క్లాక్‌వర్క్ ఆరెంజ్’నో చేతిలోకి తీసుకుంటే నీ వయసెంత బాబూ అని అడిగేవాళ్లు లేరు. చూడనివ్వని సినిమాలన్నింటినీ అతను అలా అక్షరాల్లోనే చూసేశాడు. తెర మీది ప్రభావం తెర చూడకుండానే పడిన రచయిత ఆయన.

ఆ చదువుల్లో ‘షాఫ్ట్’ ఒకటి. ఎర్నెస్ట్ టైడీమన్ 1970లో రాసిన నవల, మరుసటి ఏడు సినిమా అయింది. న్యూయార్క్‌లో జాన్ షాఫ్ట్ అనే నల్లజాతి ప్రైవేటు డిటెక్టివ్, ఎవరికీ తలవంచని మనిషి. పదిహేనేళ్ల తర్వాత ర్యాంకిన్ తన సొంత పోలీసుకు పేరు పెట్టాల్సి వచ్చినప్పుడు ఆ షాఫ్ట్ పేరులోంచే ‘జాన్’ తీసుకున్నారు. వెనక చేర్చిన ‘రీబస్’ అంటే బొమ్మలతో వేసే పొడుపు కథ. న్యూయార్క్ డిటెక్టివ్ పేరు సగం, పొడుపు కథ సగం కలిపితే ఎడిన్‌బరో పోలీసు జాన్ రీబస్ తయారయ్యాడు. 1987లో మొదలైన ఈ పాత్ర 2024 నాటికి 25 నవలల్లో నడిచాడు. తాగుతాడు, సిగరెట్లు కాలుస్తాడు, పెళ్లాంతో పొసగక విడిపోయాడు, పైఅధికారి మాట వినడు. ఇంటికొచ్చి చీకట్లో కుర్చీలో కూలబడి పాత రాక్ రికార్డులు వింటాడు. అతన్ని పుట్టించిన ర్యాంకిన్‌కు 2022లో ‘సర్’ బిరుదు కూడా వచ్చింది.

మామూలుగా ఏ క్రైమ్ రచయితనైనా మీ గురువులెవరని అడిగితే షెర్లాక్ హోమ్స్ సృష్టికర్త పేరో, అగాథా క్రిస్టీ పేరో మొదట వస్తుంది. ర్యాంకిన్ దగ్గర ముందు వినిపించేది ఒక బడిపంతులమ్మ కథ రాసిన రచయిత్రి పేరు.

ఆమె మ్యూరియల్ స్పార్క్. ఎడిన్‌బరోలోనే పుట్టిన మనిషి. ర్యాంకిన్ 1978లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో ఇంగ్లిష్ సాహిత్యం చదవడానికి చేరారు. డిగ్రీ అయ్యాక స్పార్క్ నవలల మీద పిహెచ్‌డి మొదలుపెట్టారు. పరిశోధన కోసం వచ్చే డబ్బుతో, పరిశోధన చేయాల్సిన సమయంలో, నవలలు రాసుకుంటూ కూర్చున్నారు. పిహెచ్‌డి పూర్తి కాలేదు. మూడు నవలలు మాత్రం పూర్తయ్యాయి. గైడు సంగతేమో గానీ పాఠకులకు ఈ బేరం బాగానే గిట్టింది.

స్పార్క్ రాసినవాటిలో అందరికీ తెలిసినది 1961 నాటి ‘ది ప్రైమ్ ఆఫ్ మిస్ జీన్ బ్రోడీ’. 1969లో సినిమాగా వచ్చి, టీచరు వేషం వేసిన మ్యాగీ స్మిత్‌కు ఆస్కార్ తెచ్చిపెట్టింది. అందులో హత్య లేదు, పోలీసు లేడు. ఒక ఆడపిల్లల బడి, తనకు నచ్చిన పిల్లలను తన అచ్చులో పోతపోయాలనుకునే టీచరు, ఆ పిల్లల్లో ఒకతె చేసే ద్రోహం. అయితే స్పార్క్ ఆ ద్రోహాన్ని చివరిదాకా గుప్పిట్లో దాచదు. పిల్లలకు పెద్దయ్యాక ఏమవుతుందో మొదటి పేజీల్లోనే చెప్పేస్తుంది, ద్రోహం చేసినదెవరో సగంలోనే తెలిసిపోతుంది. అప్పుడిక పాఠకుడికి మిగిలే ప్రశ్న ఎవరు అన్నది కాదు, ఎందుకు అన్నది. 1970లో రాసిన ‘ది డ్రైవర్స్ సీట్’లో ఇదే పనిని ఇంకా నిర్దయగా చేసింది. సెలవుల మీద వేరే దేశం వెళ్లిన లీజ్ అనే ఆవిడ హత్యకు గురవుతుందని ముందే చెప్పేసి, తనను చంపబోయేవాడి కోసం ఆవిడే వెతుక్కుంటూ తిరగడం చూపిస్తుంది. అపరాధ పరిశోధన నవలను లోపలి గుడ్డ పైకి వచ్చేలా తిరగేసి తొడిగినట్టుంటుంది. హంతకుడి పేరు కంటే హత్య వెనకున్న మనసు మీద ర్యాంకిన్‌కు ఆసక్తి ఎక్కువ. అది ఎక్కణ్నుంచి వచ్చిందో ఈ రెండు పుస్తకాలూ చదివినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

ఆ టీచరమ్మ కథలో ఇంకో చిన్న మాట ఉంది. తాను ఫలానా విలియమ్ బ్రోడీ వంశం దాన్నని మిస్ బ్రోడీ గొప్పగా చెప్పుకుంటుంది. ఈ విలియమ్ బ్రోడీ కల్పన కాదు.

18వ శతాబ్దపు ఎడిన్‌బరోలో బ్రోడీ పేరు మోసిన వడ్రంగి. వడ్రంగుల సంఘానికి పెద్ద. అలాంటి పెద్దను అక్కడ ‘డీకన్’ అనేవారు. నగరసభలో సభ్యుడు కూడా. ఊళ్లో డబ్బున్నవాళ్ల ఇళ్లకు బీరువాలు చేసేది, తలుపులకు తాళాలు బిగించేది ఆయనే. పగలు పనికి వెళ్లిన ఇంట్లో తాళంచెవికి అచ్చు తీసుకుని, మారు తాళంచెవి చేయించుకుని, రాత్రి అదే ఇంటికి కన్నం వేసేవాడు. జూదం పిచ్చి, కోడిపందేల పిచ్చి, ఊరికి తెలియని రెండు సంసారాలు. పగటి సంపాదన వీటికి ఎక్కడ చాలుతుంది? 1788లో ముఠా కట్టి సుంకాల ఆఫీసు మీద పడ్డాడు, అది బెడిసికొట్టింది. తోడుదొంగ ఒకడు వెళ్లి చెప్పేయడంతో బ్రోడీ ఆమ్‌స్టర్‌డామ్‌కు పారిపోయాడు. అక్కడ పట్టుకుని తెచ్చి, 1788 అక్టోబరు 1న జనం చూస్తుండగా ఉరి తీశారు. ఇప్పుడు ఆ ఊళ్లోనే ఆయన పేరుతో ఒక బారు నడుస్తోంది. ఎడిన్‌బరో తన దొంగను అంత తేలిగ్గా వదులుకోలేదు.

రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్ చిన్నప్పుడు పడుకున్న గదిలో ఈ బ్రోడీ చేసిన బీరువా ఉండేది. అది నేటికీ ఎడిన్‌బరోలోని రైటర్స్ మ్యూజియంలో ఉంది. పగలు పెద్దమనిషి, రాత్రి దొంగ అయిన మనిషి చేతిపనిని రోజూ చూస్తూ నిద్రపోయిన పిల్లవాడు పెద్దయ్యాక ముందు బ్రోడీ మీద ఒక నాటకం రాశాడు, మిత్రుడు హెన్లీతో కలిసి. ఆ తర్వాత 1886లో ‘డాక్టర్ జెకిల్, మిస్టర్ హైడ్’ రాశాడు. ఒకే ఒంట్లో ఇద్దరు మనుషులు. మన సినిమాల్లో మంచివాడు, చెడ్డవాడు ఒకే దేహంలో ఉండే కథలన్నీ తిరిగి తిరిగి ఈ నవల గుమ్మం దగ్గరికే వస్తాయి.

స్టీవెన్‌సన్ ఆ కథను లండన్‌లో పెట్టాడు. ఎడిన్‌బరో బుద్ధి తెలిసిన ఎవరికైనా ఇది కాస్త వింతగానే తోస్తుంది. ఆ ఊరే రెండుగా ఉంటుంది. కోట కింద ఇరుకు సందుల పాత పట్నం ఒకపక్క, గీత గీసినట్టుండే వీధుల కొత్త పట్నం ఇంకోపక్క. ర్యాంకిన్ 1985లో తొలి రీబస్ నవలకు కూర్చున్నప్పుడు అనుకున్నది డిటెక్టివ్ నవల రాయాలని కాదు. జెకిల్, హైడ్ కథను సొంత ఊరికి తెచ్చి ఇప్పటి కాలంలో నిలబెట్టాలని. అప్పుడాయన ఎడిన్‌బరోలో ఆర్డెన్ స్ట్రీట్‌లో అద్దెకుంటున్నారు. రీబస్‌కు కూడా అదే వీధిలో ఇల్లు ఇచ్చారు. 1987లో ‘నాట్స్ అండ్ క్రాసెస్’ వచ్చింది. ఊళ్లో ఆడపిల్లలు మాయమవుతుంటారు, రీబస్‌కు ముడులు వేసిన తాళ్లు, అగ్గిపుల్లలతో కట్టిన శిలువలు ఆకాశరామన్న ఉత్తరాల్లో వస్తుంటాయి. వాటిని పంపుతున్నవాడు రీబస్ గతంలోంచి లేచి వచ్చిన అతని నీడలాంటివాడే. జెకిల్‌కు హైడ్ ఎలాగో, అలాగ.

ఈ పోలిక ఎవరికీ తట్టలేదు. పుస్తకాల షాపుకు వెళ్లి చూస్తే తన నవల స్కాటిష్ సాహిత్యం అరలో లేదు, క్రైమ్ అరలో ఉంది. ర్యాంకిన్‌కు ఉక్రోషం వచ్చింది. ఆ ఉక్రోషం మనకూ అర్థమవుతుంది. అద్దె పుస్తకాల షాపులో కొమ్మూరి సాంబశివరావు నవల తెచ్చుకుని, క్లాసు పుస్తకం మధ్యలో దాచుకుని చదివిన తరం తెలుగులో ఉంది. కవిగా, పరిశోధకుడిగా తలకెత్తుకున్న ఆరుద్ర డిటెక్టివ్ నవలలు కూడా రాశారంటే నమ్మలేనట్టు చూసేవాళ్లూ ఉన్నారు. అర మారితే మర్యాద మారుతుంది, ఏ భాషలోనైనా. ర్యాంకిన్ రెండో రీబస్ నవలలో ఇక మొహమాటపడలేదు. ఆ పుస్తకం పేరు ‘హైడ్ అండ్ సీక్’, దాగుడుమూతలు. పేరులోనే హైడ్‌ను వినిపించారు. కథలో ‘హైడ్స్’ అనే క్లబ్బు ఒకటి పెట్టారు. అయినా పుస్తకం క్రైమ్ అరలోనే ఉండిపోయింది, ఈలోగా ఆయనకే ఆ అర మీద ఇష్టం కలిగింది.

తొలి రీబస్ నవల రాసేటప్పటి తమాషా ఒకటి ఆయన చాలాసార్లు చెప్పారు. పోలీసుల పని ఎలా సాగుతుందో తెలియక పైఅధికారికి ఉత్తరం రాస్తే, లీత్‌లోని ఒక స్టేషనుకు వెళ్లమన్నారు. అక్కడి పోలీసులు కథేమిటని అడిగారు. ఆడపిల్లల అపహరణ అని ఈయన వివరించారు. సరిగ్గా అలాంటి కేసే వాళ్ల చేతిలో ఉంది. సమాచారం కోసం వెళ్లిన రచయిత కాసేపు అనుమానితుడై జవాబులు చెప్పుకోవాల్సి వచ్చింది.

సాహిత్యం నుంచి వచ్చిన ఈ పెద్దల వరస ఒక ఎత్తు, విలియమ్ మెకిల్వానీ ఒక్కడూ ఒక ఎత్తు.

మెకిల్వానీ కిల్మార్నాక్‌లో పుట్టినవాడు. గని కార్మికుడి బతుకు మీద ‘డాకర్టీ’ రాసి 1975లో విట్‌బ్రెడ్ బహుమతి తెచ్చుకున్నాడు. అలాంటి సాహిత్యకారుడు రెండేళ్లకు ‘లెయిడ్‌లా’ అనే పోలీసు నవల రాస్తే స్కాట్లాండ్‌లో చాలామంది ఇదేమిటి అనుకున్నారు. గ్లాస్గో నగరం, జాక్ లెయిడ్‌లా అనే ఇన్‌స్పెక్టర్. తాగుబోతు పోలీసు సొరుగులో సీసా దాచుకున్నట్టు లెయిడ్‌లా తన సొరుగులో కీర్కెగార్డ్, కామూల తాత్విక పుస్తకాలు దాచుకుంటాడు. హంతకుడు ఎవరన్నది మొదట్లోనే తెలిసిపోతుంది. అతణ్ని జనం చంపేలోగా చేరుకోవాలన్నదే లెయిడ్‌లా తపన. హంతకుణ్ని రాక్షసుడు అని తోసిపుచ్చడం అతనికి చేతకాదు.

ర్యాంకిన్‌కు ఈ పుస్తకం రెండు విధాల అనుమతి పత్రం అయింది. స్కాట్లాండ్ ఊళ్లలో, స్కాట్లాండ్ యాసలో పోలీసు కథ నిలబడుతుందని చూపించింది. మంచి రచయిత ఈ పని చేస్తే పరువు పోదని కూడా చూపించింది. 1985లో ఎడిన్‌బరో పుస్తకాల పండుగకు మెకిల్వానీ వచ్చినప్పుడు, పేరూ ఊరూ తెలియని పాతికేళ్ల ర్యాంకిన్ వరసలో నిలబడి పుస్తకం మీద సంతకం అడిగారు. నేనూ లెయిడ్‌లాలాంటి కథే రాస్తున్నాను, ఎడిన్‌బరోలో జరిగేది అని చెప్పారు. ఎడిన్‌బరో లెయిడ్‌లాకు శుభమగుగాక అన్న అర్థం వచ్చేట్టు మెకిల్వానీ ఆ పుస్తకం మీద రాసి ఇచ్చాడు.

తెర మీద కూడా గ్లాస్గోదే ముందడుగు. 1983లో స్కాటిష్ టెలివిజన్‌లో ‘టాగర్ట్’ అనే పోలీసు సీరియల్ మొదలై 2010 దాకా నడిచింది. ముఖాన నవ్వు కనిపించని టాగర్ట్‌గా మార్క్ మెక్‌మానస్ ఇంటింటికీ తెలిసిపోయాడు. రీబస్ రంగంలోకి దిగేనాటికి స్కాటిష్ పోలీసు అంటే జనం కళ్ల ముందు నిలిచేది ఆ ముఖమే. పక్క ఊరి పోలీసు అంతగా పాతుకుపోయాక, తన పోలీసుకు తన ఊరి మట్టి అంటించడం తప్పనిసరి. 1993లో ‘ది బ్లాక్ బుక్’లో ర్యాంకిన్ ఆ పని గట్టిగా చేశారు. తాను కల్పించిన పోలీసు స్టేషనుకు స్వస్తి చెప్పి, రీబస్‌ను నిజంగా ఉన్న సెయింట్ లెనార్డ్స్ స్టేషనుకు బదిలీ చేశారు. రీబస్ తాగే ఆక్స్‌ఫర్డ్ బార్ కూడా యంగ్ స్ట్రీట్‌లో ఉన్న అసలు బారే. చదువుకునే రోజుల్లో తనతో గదిలో ఉన్న మిత్రుడు అక్కడ పనిచేయబట్టి ర్యాంకిన్‌కు దాని గడప అలవాటైంది.

ఇక అమెరికా నుంచి వచ్చిన దెబ్బ జేమ్స్ ఎల్‌రాయ్‌ది. పదేళ్ల వయసులో తల్లిని ఎవరో చంపేయగా, ఆ కేసు తేలకుండానే పెరిగినవాడు ఎల్‌రాయ్. 1947లో లాస్ ఏంజెలెస్‌లో జరిగి, నేటికీ తేలని ఎలిజబెత్ షార్ట్ హత్యను తీసుకుని 1987లో ‘ది బ్లాక్ డాలియా’ రాశాడు. నిజమైన నేరం మీద కల్పనను నిలబెట్టడం, వాక్యాలను టక్కుటక్కున విరగ్గొట్టడం ఆయన పద్ధతి. ర్యాంకిన్ అది చదివి తన ఇంటి వెనక ఉన్న నిజమైన నేరం వైపు చూశారు. 1968, 69లో గ్లాస్గోలో బారోలాండ్ డాన్సు హాలుకు వెళ్లిన ముగ్గురు ఆడవాళ్లు హత్యకు గురయ్యారు. బైబిల్ మాటలు వల్లించిన ఆగంతకుణ్ని పత్రికలు ‘బైబిల్ జాన్’ అన్నాయి. అతను దొరకలేదు. 1997 నాటి ‘బ్లాక్ అండ్ బ్లూ’లో ర్యాంకిన్ ఆ బైబిల్ జాన్‌ను బతికించి, ముసలివాణ్ని చేసి, తనను అనుకరిస్తూ చంపుతున్న కుర్ర హంతకుడి వేటకు పంపారు. గురువే శిష్యుణ్ని వేటాడే కథ. ఎనిమిదో రీబస్ నవల అది. అంతదాకా ఓ మోస్తరుగా అమ్ముడుపోతున్న రచయితకు క్రైమ్ నవలలకు ఇచ్చే గోల్డ్ డాగర్ బహుమతి వచ్చింది, జాతకం తిరిగింది. ప్రభావం గురించి రాసిన కథే ఆయనకు పేరు తేవడం తమాషాగా ఉంటుంది. అదే పనిగా అలా రాశారని మాత్రం అనుకోనక్కర్లేదు.

‘బ్లాక్ అండ్ బ్లూ’ అన్నది రోలింగ్ స్టోన్స్ ఆల్బమ్ పేరు. ‘లెట్ ఇట్ బ్లీడ్’ కూడా వాళ్లదే. కుర్రతనంలో పంక్ బ్యాండులో పాడిన ర్యాంకిన్ నవలల అట్టలు వరసగా పేరిస్తే సగం రికార్డుల షాపులా కనిపిస్తాయి. ఇక రీబస్ ఏళ్లతోపాటు ముసలివాడవుతాడు. 2007లో వచ్చిన ‘ఎగ్జిట్ మ్యూజిక్’లో అరవై నిండి ఉద్యోగం నుంచి దిగిపోతాడు. క్రిస్టీ డిటెక్టివ్ పొయిరోకు ఎంతకాలమైనా దాదాపు అంతే వయసు. ర్యాంకిన్ అలా వద్దనుకున్నారు. ఆయనకు ఎంతో ఇష్టమైన ఆంథొనీ పావెల్ 12 సంపుటాల నవల ‘ఎ డాన్స్ టు ది మ్యూజిక్ ఆఫ్ టైమ్’లో కూడా అవే మనుషులు ఏళ్ల తరబడి ఎదురుపడుతూ, మారిపోతూ, రాలిపోతూ ఉంటారు.

రీబస్ టీవీకి ఎక్కినప్పుడు కథ తిరగబడింది. ఒకప్పుడు సినిమాలు చూడనివ్వలేదని పుస్తకాలు చదివిన మనిషి, తన పుస్తకాలు తెరకెక్కాక వాటిని చూడనని భీష్మించారు. 2000లో జాన్ హానా, 2006లో కెన్ స్టాట్ రీబస్ వేషం కట్టారు. వాళ్లు బాగా చేయలేదని కాదు, బాగా చేస్తారనే భయం. కోలిన్ డెక్స్‌టర్ అనే క్రైమ్ రచయిత సంగతే చూడండి. ఆయన ఇన్‌స్పెక్టర్ మోర్స్ మొదట్లో లాన్షియా కారు నడిపేవాడు. టీవీలో మోర్స్ వేషం కట్టిన జాన్ థా ఎర్ర జాగ్వార్ నడిపాక, పాత నవలల కొత్త ముద్రణల్లో కూడా కారు జాగ్వార్ అయిపోయింది. తెర మీది మనిషి మెల్లగా కాగితం మీది మనిషిని మింగేశాడు. రీబస్ ముఖం ఎలా ఉంటుందో ర్యాంకిన్ నవలల్లో పెద్దగా వర్ణించరు, లోపలినుంచే చూస్తారు. అక్కడ ఇంకొకరి ముఖం వచ్చి కూర్చుంటే కష్టమే. 2024లో బీబీసీ రీబస్‌ను యువకుణ్ని చేసి మళ్లీ తీసింది. ఈసారి వేషం కట్టినవాడు రిచర్డ్ ర్యాంకిన్. ఇంటిపేరు కలిసింది గానీ చుట్టరికం లేదు.

మెకిల్వానీ 2015 డిసెంబరులో పోయాడు. అప్పటికి లెయిడ్‌లా నవలలు చాలాకాలం దొరక్కుండా పోయి, 2013లో మళ్లీ అచ్చయ్యాయి. స్కాట్లాండ్‌లో ఏటా ఉత్తమ క్రైమ్ నవలకు ఇచ్చే బహుమతికి 2016లో ఆయన పేరు పెట్టారు. ఆయన కాగితాల్లో, లెయిడ్‌లా కుర్రతనంలోని మొదటి కేసు గురించి సగం రాసిన నవల దొరికింది. దాన్ని పూర్తి చేసే పని ర్యాంకిన్ దగ్గరికి వచ్చింది. ఎడిన్‌బరో రచయిత గ్లాస్గో మాటలో, ఇంకొకరి గొంతుతో రాయాలి, ఎక్కడ ఒక చెయ్యి ఆగి ఇంకో చెయ్యి మొదలైందో తెలియకూడదు. ‘ది డార్క్ రిమెయిన్స్’ 2021లో అచ్చయింది, అట్ట మీద ఇద్దరి పేర్లతో. కథాకాలం 1972. లెయిడ్‌లా గ్లాస్గో వీధుల్లో ఆ కేసు వెనక పరుగెడుతున్న ఆ ఏడాదే, కార్డెన్‌డెన్‌లో ఒక పన్నెండేళ్ల కుర్రాడు చూడనివ్వని సినిమాల పుస్తకాలు వెతుక్కుంటున్నాడు.